కొండలు కదులుతున్నాయి



గత డిసెంబరులో గోదావరి మన్యం అంచునున్న ఒక పునరావాస కాలనీలో మూడు రోజుల కూడికలకు వెళ్లాను. రెండవ రాత్రి దేవుని కృపను గూర్చి మాట్లాడుతూ, కొండలు తొలగిపోయినా ఆయన కృప మనల్ని విడిచిపోదని చెప్పాను. ఎన్నో ఊళ్లలో చెప్పిన ప్రసంగమే. కూడిక అయ్యాక డెబ్బై దాటిన ఒక సంఘపెద్ద దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు.

"వందనాలు అయ్యగారూ. కొండలు ఎక్కడివక్కడే ఉన్నాయండి. తొలగింది మేమేనండి."

నాకు మాట రాలేదు. ఆయన కోపంతో అనలేదు, ఉన్న మాట అన్నాడు. 2021లో పోలవరం వద్ద నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించాక, కాఫర్ డ్యాం వెనుక నీరు నిలిచి దేవీపట్నం మండలంలో ఏటి ఒడ్డు పల్లెలు ఖాళీ అయ్యాయి. ఆయన పల్లె వాటిలో ఒకటి.

మర్నాడు ఆ తాతను వెంటబెట్టుకుని పాపికొండలకు లాంచీలో బయలుదేరాను. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే ఒక సహోదరుడు కూడా వచ్చాడు. లాంచీ కదలకముందే అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పడవ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయిన సంగతి ఈ నది మీద ఎవరూ మరచిపోలేదు.

కొంత దూరం పోయాక తాత లేచి నిలబడి కుడివైపు చెయ్యి చూపించాడు. నీళ్లు, ఎండిన చెట్ల కొమ్మలు తప్ప నాకేమీ కనబడలేదు. "అక్కడే మా ప్రార్థన మందిరం అయ్యగారూ. గంట విప్పి తెచ్చుకున్నాం. గోడలు తేలేకపోయాం. ఆ రాళ్లు మా నాన్న కొండ మీంచి మోసుకొచ్చినవి" అన్నాడు.

ఇంకా ఎగువకు పోగా కొండలు రెండు వైపుల నుండి దగ్గరకు జరిగాయి. అంతవరకు సముద్రంలా పరచుకున్న గోదావరి అక్కడ సన్నని దారిలో ఒదిగి పారుతుంది. పాపిడి తీసినట్టు కొండలను రెండుగా చీల్చిందని పాపిడి కొండలు అన్నారట, అదే పాపికొండలైంది. 2008లో ప్రభుత్వం ఈ అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు మించిన అడవి ఇది.

కాలేజీ సహోదరుడు ఒడ్డున ఎర్రగా, తుప్పు పట్టినట్టున్న బండను చూపించాడు. "దీన్ని ఖొండలైటు అంటారు. ఈ కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరే దీనికి పెట్టారు. అయ్యగారూ, ఇది మొదట బండ కాదు. ఏనాటిదో నీటి అడుగున పేరుకున్న బురద."

ఆ బురద భూమి లోపలికి ఎన్నో కిలోమీటర్ల లోతుకు దిగి, 800 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి, పైనున్న బరువుకు మారిపోయి గట్టి రాయి అయింది. అది జరిగి నూరు కోట్ల సంవత్సరాలు, కొన్నిచోట్ల అంతకు మించి అయిందట. ఆ వేడిలో పుట్టినవే అందులో మెరిసే ఎర్రని గార్నెట్ గింజలు. తర్వాత నేల పైకి లేచింది, పైపొరలు అరిగిపోయాయి, లోతున దాగినది వెలుగులోకి వచ్చింది. ఇటువంటి రాళ్లే అంటార్కిటికాలోనూ ఉన్నాయి. ఒకప్పుడు మన తూర్పు తీరం ఆ ఖండంతో కలిసి ఉండేదనడానికి అదొక సాక్ష్యం.

ఈ కనుమల్లోనే చార్నొకైటు అనే మరో రాయి ఉంది. దాని పేరు ఒక చర్చి ఆవరణ నుండి వచ్చింది. కలకత్తాలోని సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఉన్న జాబ్ చార్నాక్ సమాధి రాయిని చూసి, 1893లో థామస్ హాలండ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు.

ఇన్ని కోట్ల ఏళ్ల లెక్క వింటే మన విశ్వాసులలో కొందరికి కంగారు. నాకు కంగారు కలుగలేదు. పర్వతాలు పుట్టకముందే దేవుడున్నాడని మోషే ప్రార్థించాడు కదా! పర్వతాలు పుట్టాయంటే వాటికీ ఒక ఆరంభం ఉన్నట్టే. ఆ పుట్టుక ఎంత పాతదైతే, అంతకు ముందే ఉన్నవాడు అంత గొప్పవాడు.

"మరి ఇంత గట్టి రాయిని నది ఎలా కోసింది?" అని అడిగాను.

"నీరొక్కటే కోయలేదండి. వరద మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్లు ఆకురాయిలా అరగదీస్తాయి. పగుళ్లున్నచోట త్వరగా తెగుతుంది. ఏటికి ఎంత అరిగిందో కంటికి ఆనదు. లక్షల ఏళ్లకు కొండ తెగుతుంది. తెగినదంతా కిందికి పోతుంది. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు ఇసుకలో ఎర్రని గార్నెట్ గింజలు దొరుకుతాయి. ఈ కనుమల రాళ్లలో పుట్టినవే అవి."

అప్పటిదాకా మౌనంగా వింటున్న తాత తల తిప్పాడు. "అయితే కొండ కూడా కదులుతుందన్నమాట!"

"కదులుతుంది తాతా, గింజ గింజగా."

"అయితే మా గుడి రాళ్లు కూడా ఏదో ఒకనాటికి ఇసకై మీ కిందికి వస్తాయా బాబూ?"

"ఆనకట్ట దాటనిస్తే వస్తాయి తాతా" అన్నాడు సహోదరుడు మెల్లగా.

తాత కొంతసేపు నీటివైపు చూశాడు. తర్వాత నాతో, "నిన్న మీరు చెప్పింది తప్పు కాదండి. కానీ మమ్మల్ని అడిగి చెప్పాల్సిందండి" అన్నాడు.

నేను డెల్టావాడిని. మా ఊరి పొలాల ఒండ్రు గోదావరి ఎగువ నుండి మోసుకొచ్చినదే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటితో మా తాతలు వరి పండించారు. కాటన్ దొరను తలచుకుని మేము దేవుని స్తుతిస్తాము, అది న్యాయమే. కానీ కొత్త ఆనకట్టకు ఇల్లూ గుడీ వదిలి వచ్చినవారి పేర్లు మా సంఘ ప్రార్థనలలో ఒక్కసారైనా రాలేదు. కొండలు తొలగుతాయని బల్ల గుద్ది చెప్పిన నేను, తొలగిపోయిన మనుషులు ఎదురుగా కూర్చుని ఉంటే చూడలేకపోయాను.

దేవుని కృప కదలదన్న మాట సత్యమే. అయితే ఆ కృప వారికి మన చేతుల ద్వారా, మన పరామర్శ ద్వారా కూడా చేరాలి కదా! మన డెల్టా సంఘాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కాలనీ సంఘాన్ని తమదిగా ఎంచుకోకూడదా? వెళ్లి బోధించే ముందు, కూర్చుని వినకూడదా?

తిరిగి వచ్చిన రాత్రి చివరి కూడిక. నేను ప్రసంగం చేయలేదు. తాతను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నాను. కూడిక మొదలవడానికి ఆయన ఊరి గంటే మోగించారు. రేకుల పందిట్లో వేపకొమ్మకు కట్టిన ఆ గంట మోగుతుంటే, తల్లులు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ప్రభువు వారిని, మనలను కూడా జ్ఞాపకం చేసుకొనును గాక. ఆమెన్.