పట్టు దొరకని గడియారము

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటిన పిమ్మట, ఉద్దానములో కూలిన కొబ్బరితోటలమధ్య నడచినవాడను నేను. కరెంటు లేదు, ఫోనులు లేవు; మన సంఘస్థులలో ఎవరు క్షేమమో తెలియదు. నాటినుండియే హామ్ రేడియోమీదికి మనస్సు పోయెను. పరీక్ష వ్రాసి లైసెన్సు పొందితిని. ఈ వయస్సున ఇదేమి పిచ్చి యని నవ్వినవారు నవ్విరి.

రేడియోకు పౌనఃపున్యము సరిగా నుండవలెను. దానికి కొలబద్దగా నుండునని, సెల్ ఫోను కేంద్రమునుండి ఊడదీసిన పాత రుబీడియము పెట్టె నొకదానిని తెప్పించితిని. వెల ఎంత యని నా భార్య యడుగగా సగమే చెప్పితిని. ప్రియ చదువరీ, ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది.

ఆ పెట్టెలో రుబీడియము ఆవిరిగల చిన్న దీప మొకటి గలదు. దాని వెలుగు రుబీడియము నింపిన గాజుబుడ్డిగుండ పోవును. సెకనుకు 683 కోట్ల 46 లక్షల 82 వేల 610 కంపనములుగల మైక్రోతరంగము ఆ బుడ్డికి తగిలినప్పుడు ఆ వెలుగు రవ్వంత తగ్గును. ఒక క్వార్ట్‌జు స్ఫటికము పైకి క్రిందికి ఊగుచు ఆ తగ్గుదలను వెదకును. దొరకగానే పట్టుకొని నిలుచును. దీనినే లాక్ అందురు. 2023 మే 29న శ్రీహరికోటనుండి లేచిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహములో, మన దేశమందు చేసిన రుబీడియము గడియారము ఈ జాతిదే.

నా పెట్టెకు 15 వోల్టులు, 5 వోల్టులు ఇచ్చితిని. అయిదు నిమిషములలో ఆరవలసిన ఎర్రబల్బు గంటయైనను ఆరలేదు. మూడు రాత్రులు అట్లే. దీపము చచ్చినదని తీర్మానించి బీరువాలో పెట్టితిని.

బొబ్బిలిలో టీవీలు బాగుచేయు కుర్రవాడొకడు వచ్చి దానిని మరల తీయించెను. నేను ఎర్రబల్బునే చూచుచుంటిని గాని అతడు కౌంటరు అంకెలు చూచెను.

"అయ్యగోరూ, ఇది ఎప్పుడూ కిందనించే తిరిగొచ్చేస్తందండి. కోటి ముట్టనేదు."

నిజమే. పట్టు దొరకవలసినది సెకనుకు సరిగా కోటి కంపనములయొద్ద. ఏండ్లు గడచి స్ఫటికము దిగజారినందున, దాని ఊపు అక్కడివరకు చేరుటయే లేదు. దీపము బాగుగనే యున్నది.

మూత విప్పితిమి. లోపల చిన్న ట్రిమ్మరు మర యుండెను. ఇనుప స్క్రూడ్రైవరు తగిలినచో లెక్కయే మారునని ప్లాస్టిక్ పుల్లను అరగదీసి తెచ్చెను. మొదట అటు త్రిప్పగా అంకె ఇంకను దిగెను. ఇటు వెండ్రుకవాసి త్రిప్పి, ఊపు పూర్తియగువరకు ఊరకుండి, మరల త్రిప్పితిమి. తొందరపడిన నా చేతిని అతడు రెండుమార్లు పట్టుకొనెను. నేను కోపపడలేదని చెప్పజాలను. ఏడవమారో ఎనిమిదవమారో అంకెలు కోటికి ఎక్కి, దాటి, వెనుకకు వచ్చి, అక్కడనే ఆగిపోయెను. ఎర్రబల్బు ఆరెను.

మూత బిగించి రాత్రంతయు ఉంచితిమి. తెల్లవారి చూడగా నిలిచియే యుండెను.

కాఫీ తెచ్చిన నా భార్యకు అంకెలు చూపి, దాని పూర్తి వెల చెప్పితిని. ఆమె గ్లాసు నా చేతికిచ్చి, "రశీదు మీ బైబిలులోనే పెట్టుకున్నారు గదండీ, ఆ రోజే చూసాను" అనెను.