చెకుముకి కొండల నడుమ ఒక రోజు



మా అబ్బాయి కుటుంబం అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఉంటుంది. నేను వారిని చూడబోయినప్పుడు, ఏప్రిల్ నెలాఖరున అందరం కారులో కొలరాడో కొండలకు బయలుదేరాము. అది ఆరు వందల మైళ్ళ దారి. "మొదటి రోజు కొంచెం చుట్టు తిరిగి వెళ్దాం అమ్మా, నీకు చూపించవలసినవి రెండున్నాయి" అన్నాడు అబ్బాయి.

అంతకు ముందు రాత్రి వాడు నన్నొక మాట అడిగాడు. "నాన్న పోయాక అక్కడ ఒక్కదానివే ఎందుకమ్మా? ఇల్లూ, ఆ మూడెకరాలూ అమ్మేసి మా దగ్గరే ఉండిపోరాదూ." నేను జవాబు చెప్పలేదు. ఊరు వదిలి వచ్చినవాడికి ఊరి విలువ ఏం తెలుస్తుందిలే అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆ బరువుతోనే కారెక్కాను.

రెండు గంటలు ప్రయాణించాక చెట్లు తగ్గిపోయి, అలలు అలలుగా గడ్డి కొండలు మొదలయ్యాయి. వీటిని ఫ్లింట్ హిల్స్ అంటారు. అంటే చెకుముకి రాతి కొండలు. స్ట్రాంగ్ సిటీ అనే చిన్న ఊరి దగ్గర సుమారు 11 వేల ఎకరాల పచ్చిక నేలను 1996 నుండి జాతీయ సంరక్షణ స్థలంగా కాపాడుతున్నారు. 1881లో కట్టిన సున్నపురాతి భవనం, మూడంతస్తుల పశువుల కొట్టం, కొండ మీద ఒకే గది ఉన్న పాత బడి చూశాము.

ఒకప్పుడు ఈ ఖండం నడుమ 17 కోట్ల ఎకరాలలో నిలువెత్తు గడ్డి పెరిగేదట. ఇప్పుడు అందులో నాలుగు శాతం కూడా మిగలలేదు. తక్కినదంతా దున్ని, మొక్కజొన్న, సోయా పొలాలుగా మార్చారు. ఇక్కడ మాత్రం పైమట్టి పలుచన, దాని కింద అంతా రాయి. నాగలి దిగలేదు కనుక గడ్డి బతికింది. మన పొలంలో రాయి తగిలితే విసుక్కుంటాము. ఇక్కడ ఆ రాళ్ళే కంచె అయి గడ్డిని కాచాయి.

మేము వెళ్ళేసరికి కొన్ని కొండలు నల్లగా కాలిపోయి ఉన్నాయి. "అయ్యో, ఎవరు తగలబెట్టారు నానమ్మా?" అంది నాలుగేళ్ళ మనుమరాలు. ఏటా వసంతకాలంలో కావాలనే నిప్పు పెడతారని అక్కడి ఉద్యోగి చెప్పాడు. కాల్చకపోతే తుప్పలూ దేవదారు జాతి చెట్లూ కమ్ముకొని గడ్డిని చంపేస్తాయి. ఇక్కడి పెద్ద గడ్డి వేర్లు పది అడుగుల లోతు దాకా దిగుతాయి, మంట పైపైనే పోతుంది. కొద్ది రోజులలో మళ్ళీ చిగురు వేసి, సెప్టెంబరు నాటికి మనిషిని మించి పెరుగుతుంది. నేను వంగి చూస్తే, నల్లని బూడిదలో నుండి వేలెడు పచ్చని మొలకలు లేస్తున్నాయి. మన పొలం గట్టు మీది గరిక గుర్తుకు వచ్చింది. గడ్డి యెండిపోవునన్న యెషయా గ్రంథపు మాట ఎన్నో సమాధి కూడికలలో విన్నాను, మావారి సమాధి దగ్గర కూడా విన్నాను. ఆ గడ్డికి వేరుందని ఆ రోజే తలచుకున్నాను.

దూరాన బైసన్ మంద మేస్తోంది. మన అడవిదున్నలకు దగ్గరి జాతి. 2009లో దక్షిణ డకోటా నుండి 13 పశువులను తెచ్చి ఇక్కడ వదిలారు. అంతకు ముందు ఈ నేలలో తిరిగిన కాంజా జాతివారిని మాత్రం 1873లో ప్రభుత్వం ఇక్కడి నుండి తరలించింది. కాన్సాస్ అన్న పేరు వారిదే. ఆ సంగతి విన్నాక కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం పడమటికి సాగి హిల్స్‌బరో చేరాము. ఇక్కడ కొండలు అణగిపోయి గోధుమ పొలాలు పరచుకున్నాయి. 1874లో రష్యా సామ్రాజ్యం నుండి మెనొనైట్ విశ్వాసులు ఈ ప్రాంతానికి వచ్చారు. ఆయుధం పట్టము అన్నందుకు అక్కడ వారికున్న మినహాయింపు పోతుండగా ఇల్లూ వాకిలీ వదిలి బయలుదేరారు. వస్తూ 'టర్కీ రెడ్' అనే గోధుమ విత్తనాలు తెచ్చుకున్నారు. శీతాకాలానికి ముందు విత్తి, జూన్ లో కోసే ఆ గోధుమే తరువాత కాన్సాస్ అంతటా పాకింది. 1876లో కట్టిన వారి మట్టి ఇటుకల ఇల్లు ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. లోపలికి వెళ్తే మా పాత ఇల్లే తోచింది.

ఈ గోధుమ రైతుల సంఘం నుండే 1899లో మొదలుకొని మన పాలమూరు ప్రాంతాలకు ఎం.బి. మిషనరీలు వచ్చారు. డాక్టరు కేథరీన్ షెల్లెన్‌బర్గ్ రష్యాలో పుట్టి, చిన్నప్పుడు కాన్సాస్ వచ్చి, వైద్యం చదివి 1907లో మన దేశం చేరారు. షంషాబాద్ ఆసుపత్రిలో సేవ చేసి 1945లో ఇండియాలోనే కన్నుమూశారు. మా అమ్మ ఆ ఆసుపత్రిలోనే పుట్టింది. "డాక్టరు దొరసాని చేతుల మీద పుట్టాను" అని బతికినన్నాళ్ళూ చెప్పుకుంది. నేను అమెరికా విమానం ఎక్కిందీ ఆ షంషాబాద్‌లోనే!

ఆ మట్టి ఇంటి గడప మీద కూర్చొని ఆలోచించాను. ఆమె ఇల్లు విడిచి రాకపోతే మా అమ్మ సంగతి ఏమయ్యేదో. ఊరు వదిలిన ప్రతివాడూ వేరు తెంచుకున్నవాడు కాడు. కొందరు విత్తనం మూట పట్టుకొని పోతారు. మా వాడు ఆదివారం తప్పక బిడ్డను గుడికి తీసుకుపోతాడు, రాత్రి పడుకోబోయే ముందు తెలుగులో ప్రార్థన చేయిస్తాడు. ఇన్ని నెలలుగా అది చూస్తూనే ఉన్నాను, కాని లెక్కలోకి తీసుకోలేదు.

సాయంకాలం కారు దగ్గర వాడితో చెప్పాను. "నీ మీద కోపం పెట్టుకున్నాను బిడ్డా, తప్పు నాదే. నీ విత్తనం ఇక్కడ మొలిచింది. నా వేరు మాత్రం అక్కడే ఉంది. నేను ఊరికే పోతాను. పొలం అమ్మను." వాడు కాసేపు ఊరుకొని, "సరే అమ్మా, ఏటా మేమే వస్తాం" అన్నాడు. పొద్దు గూకుతుండగా మళ్ళీ దారి పట్టాము.

ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాను. మొన్న వాన పడి గట్టు మీద గరిక లేచింది. మీ పిల్లలు దూర దేశంలో ఉంటే, వారి మీద అలక ఉంటే, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ అలకను ప్రభువు పాదాల దగ్గర పెట్టండి. మా కుటుంబాన్ని కూడా జ్ఞాపకం చేసుకోండి.