వీధి ముఖం అందరిదీ

ఇంగ్లండ్‌లో బాత్ ఊరి రాయల్ క్రెసెంట్ ముందు నిలబడితే అవి 30 ఇళ్లని అనిపించదు. నెలవంకలా వంగిన ఒకే రాజభవనం, 114 అయానిక్ స్తంభాలు, తేనెరంగు రాయి. చిన్న జాన్ వుడ్ రూపకల్పనలో 1767 నుంచి 1774 దాకా కట్టారు.

నాకు మాత్రం దాని వెనకవైపు నడవడం ఇష్టం. వుడ్ గీసింది ముఖభాగమే. స్థలం కొన్నవాళ్లు ముందువైపు ఆయన గీసినట్టే కట్టి, వెనక ఎవరికి కావలసినట్టు వాళ్లు కట్టుకున్నారు. అందుకే అటునుంచి చూస్తే కప్పులు ఎగుడుదిగుడు, కిటికీలు తలోరకం. 1942 బాంబుదాడిలో లోపల కాలిపోయిన ఇళ్లు కూడా ఆ వరసలోనే మళ్లీ లేచాయి.

మా విజయవాడ వన్ టౌన్ పాత వీధుల్లోనూ పక్కింటి గోడే మన గోడ. మా అమ్మమ్మగారి వీధిలో అరుగులు కలిసే ఉండేవి. ఎండ తగలకుండా అరుగుల మీదుగానే నాలుగిళ్లు దాటేవాళ్లం. అక్కడ ఏ జాన్ వుడ్డూ గీయలేదు. టేకు దూలం ఎంత పొడవు దొరికితే గది అంత వెడల్పు. పెంకు నిలిచేంత వాలే కప్పుకి. కలిగినవాళ్లు మద్రాసు మిద్దె వేసుకునేవారు: వాసాల మీద పలుచని ఇటుకలు ఐమూలగా నిలబెట్టి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టడం. బెజవాడ ఎండకి అంతకన్నా చల్లని కప్పు నేనెరగను.

ఇలాంటి వరసలో ఒక ఇల్లు కూలిస్తే దెబ్బ పక్కింటికి. ఇన్నాళ్లూ లోపలున్న సున్నపు గోడ వానకి బయటపడుతుంది. ఇంగ్లండ్‌లో ఉమ్మడి గోడని కోయాలన్నా కూల్చాలన్నా 1996 చట్టం ప్రకారం పొరుగువారికి ముందే నోటీసు ఇవ్వాలి.

అయినా మా వీధుల్లో పాత ఇళ్లు కూల్చేవాళ్లని తప్పుపట్టలేను. అన్నదమ్ముల పంపకాలుంటాయి, సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడు. అందుకే ఇల్లంతా అలాగే ఉంచమని అడగను. అరుగు, వసారా, వీధి గది నిలిపితే చాలు. వెనక కావలసినట్టు కట్టుకోనివ్వండి. ముందుగా, కూల్చడానికి అనుమతి ఇచ్చేలోపు, కార్పొరేషన్ ఆ వీధుల ముఖాల్ని కొలతలతో గీయించాలి. 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఊళ్లోనే ఉంది. టేపూ కాగితాలూ ఇచ్చి ఆ పిల్లల్ని పంపితే, ఉన్న వీధులైనా లెక్కకొస్తాయి.