గొంతూ తీగా ఒకటైన చోట

మేం ముగ్గురం. ఒకరిది హిందూపురం పక్క తాండా, ఒకరిది పెనుకొండ కొండకు అవతలి తాండా, ఇంకొకరిది ధర్మవరానికి దగ్గర. మా మూడు తాండాలనూ కలిపేది బెంగళూరు రైలుదారి. మా నాయనలు ఆ రైల్లోనే బేల్దారి పనికి బెంగళూరు పోయేవాళ్లు. మేము అదే రైల్లో చదువుకు హిందూపురం చేరినాం, ఒకే గదిలో ఉన్నాం. ఆ గదిలో మాకు దొరికిన ఒక పాటగాడి గురించి, ఆయన వల్ల మాకు తెలిసివచ్చిన సంగతి గురించి మీకు చెప్పాలని ముగ్గురమూ కూర్చుని ఇది రాస్తున్నాం.

ఒక ఎండాకాలం సెలవుల్లో మేమూ బెంగళూరు పోయి ఇళ్లకు రంగులేసే పనిలో చేరినాం. ఒక ఇంట్లో గోడకు పట్టీ పెడుతుంటే లోపల గదిలోనుంచి పాట వినిపించింది. గిటారు మోగుతోంది. దాంతో పాటే ఒక మగ గొంతు. ఆ గొంతులో మాటల్లేవు. గిటారు ఏ స్వరం పలికితే గొంతూ అదే స్వరం పలుకుతోంది. గిటారు పరుగెత్తితే అదీ పరుగెత్తుతోంది, ఆగితే ఆగుతోంది. ఏది ముందు, ఏది వెనక అని తెలియలేదు. చేతిలో పట్టీ ఎండిపోయింది. ఇంటాయన తిట్టలేదు. పేరు కాగితం మీద రాసిచ్చినాడు: జార్జ్ బెన్సన్.

ఆ కూలి డబ్బుల్లోంచి పాత గిటారు ఒకటి కొనుక్కుని తిరుగు రైలెక్కినాం. ఆ దినం నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదివినాం, దొరికిందల్లా విన్నాం.

బెన్సన్ 1943 మార్చి 22న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టినాడు. ఉక్కు ఫ్యాక్టరీల ఊరది. హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లవాళ్ల పేటలో పెరిగినాడు. ఏడేళ్ల వయసులో ఉకులేలే అనే నాలుగు తీగల చిన్న వాయిద్యం పట్టుకుని, మందుల షాపు దగ్గర వాయిస్తూ పాడి చిల్లర సంపాదించినాడు. పదేళ్లప్పుడే ఆయన పాట రికార్డయింది. తర్వాత మారుతండ్రి తన చేతులతో గిటారు చేసిచ్చినాడంటారు. ఇరవై ఏళ్ల ప్రాయంలో జాక్ మెక్‌డఫ్ అనే ఆర్గాన్ విద్వాంసుని బృందంలో చేరి ఊరూరూ తిరిగినాడు. జాజ్ సంగీతమే అట్లాంటిది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా ప్రజల పిల్లలు, మనవళ్లు తమ పనిపాటలనూ ప్రార్థన పాటలనూ ఏడుపునూ కలిపి పుట్టించుకున్నది. అందులో ఒక బాణీ ఎత్తుకుని, దాన్ని అప్పటికప్పుడు తమ మనసుకు తోచినట్టు పెంచుకుంటూ పోతారు. మాటల్లేకుండా గొంతుతో అట్లా పెంచడాన్ని స్కాట్ అంటారు. బెన్సన్ గొప్పదనం ఏమిటంటే, వేళ్లు గిటారు మీద అప్పటికప్పుడు అల్లుతున్నదాన్ని గొంతు అదే క్షణంలో పాడుతుంది.

మనకు దగ్గరలో చూపాలంటే నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగులయ్య గారున్నారు. 12 మెట్ల కిన్నెర మీటుతూ వీరుల కథలు పాడతారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. సంగీతం వేరే. కానీ తీగనూ గొంతునూ విడదీయలేని మనుషులు ఇద్దరూ.

మేమూ ప్రయత్నం చేసినాం. సినిమా పాటలు గిటారు మీద బాగానే వచ్చినాయి. వేళ్లు కదిలినట్టే గొంతు కదపబోతే మాత్రం కుదరలేదు. వేళ్లు ముందు పోతాయి, గొంతు వెనకబడుతుంది. నెలలు గడిచినాయి. మా గొంతులో లోపముందనుకున్నాం.

ఆ మధ్యనే ఇంకొకటి జరిగింది. ఒక వేడుకలో మేము గిటారుతో సినిమా పాట వాయించినాం. చప్పట్లు బాగా పడినాయి. దిగిపోతుంటే ఒక పెద్దమనిషి, “మీరు సుగాలీలంట కదా, మీ పాట ఒకటి పాడండ్రా” అన్నాడు. ఆయన మాటలో వెటకారముందో, నిజంగా వినాలనే ఉందో ఈనాటికీ మాకు తెలీదు. మేము మాత్రం ముగ్గురమూ ఒక్కసారే, “మాకు రావు సార్” అన్నాం. అది అబద్ధం. మా ఊయల నుంచీ విన్న పాటలు మాకు రాకపోవడమేమిటి? ఆ రాత్రి గదిలో ఎవరమూ మాట్లాడుకోలేదు.

తర్వాతి సెలవులకు పెనుకొండ తాండాకు ముగ్గురమూ పోయినాం. మాలో ఒకని దాదీ ఉంది అక్కడ. తాండాలో పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు పాడే ధావ్లో ఆమెకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. పెళ్లికూతురు యాడినీ అక్కలనూ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. ఇప్పుడు పెళ్లిళ్లలో ఆ వేళకు డీజే మోగుతోంది. దాదీని పిలిచేవాళ్లు తగ్గినారు.

ఆమెకు ఫోన్లో బెన్సన్‌ను వినిపించినాం. కళ్లు మూసుకుని చివరిదాకా వింది. మన గోర్‌బోలిలో అడిగింది: “ఈయప్ప మాటలు ఏమైనాయి? ఎవరన్నా తీసుకున్నారా?” మేము నవ్వినాం. ఆమె నవ్వలేదు. కాసేపుండి తానే ఒక ధావ్లో ఎత్తుకుంది. ఆయాసంతో మధ్యలో మాటలు పలకలేకపోయింది. అయినా బాణీ ఆపలేదు. మాటలున్న చోట “ఆ... య...” అని సాగదీస్తూ పోయింది.

మాలో ఒకడు గిటారు తీసి ఆమె వెనకే వెతుక్కుంటూ పోయినాడు. గిటారు మెట్లకు ఆమె స్వరం అందలేదు, రెండు మెట్ల నడుమ పడుతోంది. తీగను వేలితో పక్కకు లాగితే అక్కడికి చేరింది. అప్పుడే వాడి గొంతూ కదిలింది. వేళ్లూ గొంతూ ఒకే అడుగు వేసినాయి. నెలల తరబడి రానిది ఆ సాయంత్రం వచ్చింది.

ఎందుకని ఆలోచిస్తే తెలిసింది ఇంతే. సినిమా పాట మా వేళ్లకు మాత్రమే తెలుసు. ధావ్లో మా గొంతుకు తెలుసు. గొంతులో ముందే ఉన్నదాన్ని వేళ్లు వెతుక్కుంటూ పోతే జత కుదురుతుంది. గొంతులో లేనిదాన్ని వేళ్లు ఎంత వేగంగా వాయించినా అది వేళ్ల పనిగానే మిగులుతుంది.

బెన్సన్ కథను మళ్లీ చదివినప్పుడు అదీ కొత్తగా కనబడింది. చిన్నప్పుడు పాటగాడుగా మొదలైనవాడు పెద్దయ్యాక గిటారు విద్వాంసుడుగానే పేరుపడినాడు. మధ్యమధ్య పాడినా లోకం చూసింది వేళ్లనే. 1976లో బ్రీజిన్ అనే ఆల్బమ్ వచ్చింది. అందులో ఉన్న 6 పాటల్లో 5 ఉత్త వాయిద్యమే. ఒక్కదాంట్లోనే ఆయన నోరు విప్పినాడు. ఆ ఒక్కటే, దిస్ మాస్కరేడ్, 1977లో ఆ ఏటి ఉత్తమ రికార్డుగా గ్రామీ బహుమతి తెచ్చింది. ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి పోయింది. ఇది జాజ్ కాదు, పాప్ అని సణిగినవాళ్లు లేకపోలేదు. 2009లో జాజ్ విద్వాంసులకు అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చే పెద్ద గౌరవం ఆయనకే దక్కింది.

ఆ సణుగుడు మాకు కొత్త కాదు. హిందూపురం దాటి కొద్ది దూరం పోతే కర్ణాటక. ఇక్కడ మనం సుగాలీలం, షెడ్యూల్డు తెగ. అక్కడ మన బంధువులే లంబాణీలు, షెడ్యూల్డు కులం. కాగితం మీద పేరు మారింది గానీ రెండు వైపులా యాడి పాడేది ఒకే జోలపాట.

టీచర్లకు ఒక మాట. గోర్‌బోలికి సొంత లిపి లేదు. మనం తెలుగు లిపిలో రాసుకుంటాం. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకు ఇంటి భాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న 8 భాషల్లో బంజారా ఒకటి. మా బడిదాకా అది రాలేదు. ఆరేళ్ల వయసులో మాకు అర్థం కాని మాటలను వల్లె వేసినాం. అది గొంతు లేకుండా వేళ్లతో వాయించడమే. పాఠాన్ని ఒకసారి పిల్లవాడు తన మాటలో చెప్పనివ్వండి. తెలుగూ ఇంగ్లీషూ ఆ తర్వాత వెతుక్కుంటూ వస్తాయి. మా గిటారు వచ్చినట్టే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గిటారు నేర్చుకోండి, కీబోర్డు నేర్చుకోండి. బెన్సన్‌ను వినండి. వింటూనే ఇంట్లో దాదీ దగ్గర ఒక పూట కూర్చోండి. మేము ఆలస్యం చేసినాం. మా ఫోన్లో ఆమె పాటలు నాలుగే ఉన్నాయి. నాలుగో దాంట్లో సగం దగ్గు. ఈ తీజ్ నాటికి ఆమె ఓపిక ఎట్లుంటుందో తెలీదు. గిటారు తీసుకుని ముందే పోతున్నాం. ఆ వేడుకలో మమ్మల్ని అడిగిన పెద్దమనిషి మళ్లీ ఎదురైతే, ఈసారి వస్తాయనే చెబుతాం.