నొగ మీద బరువు

డల్లాస్ శివార్లలోని ఆ ఇంటి ముందు ట్రెయిలర్ వచ్చి ఆగిన రోజు వీధిలో పిల్లలందరికీ పండగే. మంచాలు, చిన్న వంటగట్టు, ఓ మూల బాత్‌రూమ్... చక్రాల మీద ఇల్లన్నమాట! గుడివాడ దగ్గరి పల్లె నుంచి ఆర్నెల్లుండి వెళ్దామని వచ్చిన పెద్దాయన మాత్రం దాని చుట్టూ ఓసారి తిరిగొచ్చి, 'బాగానే ఉంది గానీ, దీనికి ఎద్దులేవిరా?' అన్నాడు.

కొడుకు నవ్వుతూ తన ఏడు సీట్ల ఎస్‌యూవీని చూపించాడు.

'లాగుద్దా?'

'5,000 పౌండ్లు లాగుతుంది నాన్నా. మాన్యువల్‌లో రాశారు.'

పెద్దాయన ఇంకేం అడగలేదు. అమెరికా వచ్చినప్పట్నుంచీ ఆయన అడగడమే తగ్గించేశాడు. రిమోట్ దగ్గర్నుంచి మైక్రోవేవ్ దాకా అన్నీ ఎవరో ఒకరు చూపించాల్సినవే. ఇక్కడ తనకు తెలిసింది ఏముందని?

కొడుకు అప్పటికే నెలరోజులుగా లెక్కలు వేస్తున్నాడు. ఖాళీ ట్రెయిలర్ 3,000 పౌండ్లు. సామాను పెడితే మూడున్నర వేలు దాటుతుంది. దానికి తగిన హిచ్ కావాలి. హిచ్‌లలో తరగతులున్నాయి. ఒకటో తరగతిది 2,000 పౌండ్ల దాకా, రెండోది 3,500 దాకా లాగుతుంది. తనకు మూడోదే గతి. దాని రిసీవర్ గొట్టం 2 అంగుళాలది. పెద్ద హిచ్ బిగించినంత మాత్రాన కారు బలం పెరగదు. పిండికొద్దీ రొట్టె! కారు, హిచ్, బాల్, ట్రెయిలర్ మూతి... వీటన్నింటి మీదా రాసి ఉన్న అంకెల్లో ఏది చిన్నదో అదే అసలు పరిమితి.

బాల్ దగ్గర మరో తిరకాసు. ట్రెయిలర్ మూతి 2 అంగుళాలదైతే, 1⅞ అంగుళాల బాల్ కూడా అందులో దూరుతుంది. సరిపోయినట్టే కనిపిస్తుంది. గతుకులో పడ్డప్పుడే ఊడి వస్తుంది. అందుకే బాల్ మీద చెక్కిన కొలతను చదివి మరీ కొన్నాడు.

ఓ శనివారం పొద్దున్నే గ్యారేజీలో పని మొదలైంది. సాయానికి పక్కింటి స్నేహితుడొచ్చాడు. పెద్దాయన కుర్చీ వేసుక్కూర్చుని చూస్తున్నాడు. స్టెపినీని కిందికి దించారు. సైలెన్సర్‌ను పట్టి ఉంచే రబ్బర్లు తప్పించారు. కారు ఫ్రేముకు కంపెనీవాళ్లే వదిలిన రంధ్రాల్లోంచి బోల్టులు లాగి, బరువైన హిచ్‌ను ఒకరు ఎత్తిపట్టుకుంటే మరొకరు నట్లు తిప్పారు. చివర్లో టార్క్ రెంచ్‌తో కాగితంలో రాసిన లెక్క ప్రకారం 'టక్'మనేదాకా బిగించారు. ఏడు పిన్నుల కరెంటు సాకెట్టు, డ్యాష్‌బోర్డు కింద ట్రెయిలర్ బ్రేకుల కంట్రోలర్ కూడా అమర్చారు. టెక్సాస్ చట్టం ప్రకారం 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కే బ్రేకులు తప్పనిసరి. అదే కాలిఫోర్నియాలో అయితే 1,500 పౌండ్లకే ఉండాలి. చట్టం అడగకపోయినా ఎస్‌యూవీ మాన్యువల్ అడిగింది. అతను పెట్టించాడు.

రిసీవర్‌లో బాల్ మౌంటు దూర్చి, అడ్డంగా పిన్ను తోసి, దానికి క్లిప్పు పెడుతుంటే పెద్దాయన మొహం వెలిగింది. 'చక్రానికి చీల ఇట్టాగే పెట్టేవాళ్లం' అన్నాడు.

2023 మార్చిలో పిల్లలకు సెలవులిచ్చారు. అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో లోయకు ప్రయాణం. ముందురోజు రాత్రి సామాను సర్దారు. దారిలో మంచినీళ్లు దొరుకుతాయో లేదోనని ట్రెయిలర్ వెనకవైపున్న 30 గ్యాలన్ల ట్యాంకు నిండా పట్టారు. పిల్లల సైకిళ్లు వెనక బంపరు మీది స్టాండుకు కట్టారు. బియ్యం, పప్పులు, పచ్చళ్ల జాడీలు, గ్రైండరుతో సహా అత్తగారి వంట సామానంతా కోడలు వెనక అలమరలో పెట్టింది. తెల్లవారుజామునే బయల్దేరారు. బాల్ మీద మూతి తాళం పడింది. గొలుసులు రెండూ కింద అడ్డదిడ్డంగా, అంటే గుణకారం గుర్తులా వేశారు. ఒకవేళ మూతి ఊడినా నేల తాకకుండా అవే ఉయ్యాల్లా పట్టుకుంటాయి.

హైవే ఎక్కి గంట గడిచింది. గంటకు 65 మైళ్ల వేగం. పక్క నుంచి భారీ లారీ ఒకటి రయ్యిన దూసుకుపోయింది. ఆ గాలికి ట్రెయిలర్ కుడికి ఊగింది. తర్వాత ఎడమకు. మళ్లీ కుడికి, ఈసారి ఇంకాస్త ఎక్కువగా! స్టీరింగు అతని చేతుల్లో ఉంది గానీ, కారును నడుపుతోంది ట్రెయిలరే. వెనక సీట్లో పిల్లలు కెవ్వుమన్నారు.

కాలు బ్రేకు మీదికి పోబోయింది. ఆ క్షణంలో గట్టిగా తొక్కితే ట్రెయిలర్ అడ్డం తిరిగి కారును మడిచేస్తుంది. చదివింది గుర్తొచ్చింది. స్టీరింగు తిప్పకుండా నిటారుగా పట్టుకున్నాడు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. చేత్తో కంట్రోలర్ మీట మెల్లగా నొక్కితే ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే పడ్డాయి. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టయి ఊగడం తగ్గింది. పక్కకు తీసి ఆపాక చూసుకుంటే రెండు చేతులూ వణుకుతున్నాయి.

ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన దిగి ట్రెయిలర్ వెనక్కి నడిచాడు. సైకిళ్లు చూశాడు. తలుపు తీయించి లోపలి సామాను చూశాడు. నీళ్ల ట్యాంకు ఎక్కడుందని అడిగాడు. వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు.

'నొగ మీద ఎంత బరువుందిరా?'

'హిచ్ సరైందే నాన్నా, నేను...'

'హిచ్ గాదు. ముందెంత, వెనకెంత? ధాన్యం బస్తాలు వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దులకు పట్టు దొరకదు. అన్నీ ముందుకేస్తే వాటి మెడలు విరుగుతయ్. ఇరుసుకు కాస్త ముందుకు ఉండాలి బరువు. ఇదంతా వెనక్కే ఉంది.'

కొడుకు నోరు తెరిచి వినసాగాడు. మాన్యువల్లో ఉన్నదీ అదే. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలి. అంతకంటే తగ్గితే తోక ఆడిస్తుంది. పెరిగితే కారు వెనక కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి. చదివాడు. హిచ్ కొనేటప్పుడు లెక్క కూడా కట్టాడు. సామాను సర్దేటప్పుడే మరిచిపోయాడు.

నెమ్మదిగా దగ్గర్లోని లారీల స్టాపుకు చేరారు. అక్కడి కాటా మీద ముందు ట్రెయిలర్‌తో కలిపి, తర్వాత దాన్ని విప్పి కారును ఒక్కదాన్నీ తూచారు. ట్రెయిలర్ తగిలించినప్పుడు కారు చక్రాల మీద పెరిగిన బరువే హిచ్ మీద పడేది. అది 240 పౌండ్లు. మొత్తం ట్రెయిలరేమో 3,550. ఏడు శాతం కూడా లేదు!

నీళ్లన్నీ వదిలేశారు. గ్యాలను 8 పౌండ్ల పైచిలుకు... 30 గ్యాలన్లంటే 250 పౌండ్లు. సైకిళ్లు ట్రెయిలర్ లోపలికి, ముందువైపుకు చేరాయి. బియ్యం, గ్రైండరు, జాడీలు ఇరుసుకు ముందుకొచ్చాయి. ఏది ఎక్కడ పెట్టాలో పెద్దాయన చెయ్యి చూపిస్తుంటే కొడుకూ కోడలూ మోశారు. మళ్లీ తూచారు. 3,300లో 390. దాదాపు 12 శాతం. హిచ్ మీద పడే ఆ 390 కూడా కారు మోసేదే కాబట్టి, డోరు దగ్గరి స్టిక్కరు చూసి ఆరుగురు మనుషుల బరువుతో కలిపి సరిచూసుకున్నారు.

అక్కణ్నుంచి 60 దాటలేదు. మైదానం గాలి కొట్టినా, లారీలు దాటిపోయినా ట్రెయిలర్ బుద్ధిగా వెంట వచ్చింది. లోయలోకి దిగే రోడ్డులో బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో దించాడు. 'ఇప్పుడు పట్టుంది' అన్నాడు పెద్దాయన, వెనక్కి తిరక్కుండానే.

ఆ రాత్రి ఎర్రకొండల మధ్య మనవలిద్దరికీ ఆయన బండి కట్టడం నేర్పాడు. చీపురుపుల్లలే నొగలు, అగ్గిపెట్టే బండి. ఎద్దులు మాత్రం పిల్లలే!

ఆయన ఊరెళ్లిపోయి చాలా కాలమైంది. కొడుకు ఇప్పటికీ ట్రెయిలర్ కట్టిన ప్రతిసారీ బయల్దేరేముందు ఇంటికి ఫోన్ చేస్తాడు. అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

'నొగ మీద ఎంతుందిరా?'