జాబితాలో లేని ఊరు

నాగార్జునకొండకి పోదామని అమ్మే అడిగింది. తను ఎప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్ళమని అడిగే మనిషి కాదు. టీవీలో లాంచీ చూపించారట. "నీళ్ళ మధ్యలో కొండంట గదరా. మునిగిపోయిన ఊరిని తెచ్చి దాని మీద పెట్టుండారంట" అంది. నేను సెలవు చూసుకుని హైదరాబాద్ నుంచి ఆత్మకూరు వచ్చాను గానీ, ఆ మాట వెనక ఏముందో అప్పటికి పట్టించుకోలేదు.

మాచర్లకి కార్లో బయల్దేరాం. దారిలో ఉదయగిరిలో టీ తాగుతూ, ఎదురుగా కనిపించే దుర్గం గురించి నాకు తెలిసింది చెప్పాను. 1514లో కృష్ణదేవరాయలు ఆ కోటని గజపతుల నుంచి గెలుచుకున్నాడనీ, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడనీ, ఇప్పుడా విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉందనీ. అమ్మ గ్లాసు కింద పెట్టి, "అయితే దేవుడికి గూడా ఊరు మారక తప్పలేదన్నమాట" అంది.

రాత్రికి మాచర్లలో ఉండి, పొద్దున్నే విజయపురి సౌత్ రేవుకి చేరాం. జనం నిండేదాకా లాంచీ కదల్లేదు. కదిలాక అందరూ ఫోన్లు పట్టుకుని కొండ వైపు చూస్తున్నారు. అమ్మ ఒక్కతే నారింజ రంగు లైఫ్ జాకెట్‌లో ముడుచుకుని కూర్చుని, తలొంచి నీళ్ళలోకి చూస్తోంది.

"దీని కింద ఏముండాదిరా?"

చెప్పాను. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. 1926లో దాని ఆనవాళ్ళు బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. ఎలాగూ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. తరలించగలిగిన కట్టడాలని విప్పి, కొన్నిటిని ఈ కొండ మీద, కొన్నిటిని ఒడ్డున అనుపులో మళ్ళీ కట్టారు. నీళ్ళు లేచాక కొండ కాస్తా దీవి అయింది.

"అదంతా రాజుల సంగతి. మన కాలంలో ఈడ ఎవురూ లేరా?"

ఉన్నారు. పుల్లారెడ్డిగూడెం అనే పేరు పాత తవ్వకాల రాతల్లో చదివాను. ఫలానా స్తూపం ఆ ఊరికి ఎటువైపు ఉందో చెప్పడానికి వాడుకున్న పేరు. అమ్మకి ఆ పేరు చెప్పాను. తను దాన్ని ఒకసారి పైకి అనుకుంది.

అమ్మ పుట్టిన ఊరు సోమశిల నీళ్ళలో ఉంది. పెన్న మీద ఆనకట్ట నెల్లూరు జిల్లాలో కడితే, మునక ఎక్కువగా పైన కడప వైపు ఊళ్ళకి వచ్చింది. వాటిల్లో ఒకటి అమ్మ వాళ్ళది. నేను పుట్టేసరికే అది లేదు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవలకి అందరూ అమ్మమ్మ ఊరికి పోతుంటే, నేను పోయింది పరిహారం డబ్బుతో వాళ్ళు వేరే చోట కట్టుకున్న ఇంటికి. దాన్ని అమ్మమ్మ చివరిదాకా "ఈ ఇల్లు" అనే అంది, "మా ఇల్లు" అనలేదు.

కొండ మీద మ్యూజియంలో సున్నపురాతి బుద్ధుడి దగ్గర నేను ఆగిపోయాను. అమ్మ ముందుకి పోయింది. వెతికితే, మునగక ముందు లోయ ఎలా ఉండేదో చూపించే నమూనా దగ్గర దొరికింది. ఒంగి చూస్తోంది. కొండలున్నాయి, ఏరుంది, విహారాలున్నాయి.

"ఇండ్లు యాడుండాయిరా?"

నేనూ ఒంగి చూశాను. తను అడిగే ఇళ్ళు అందులో నాకు కనిపించలేదు.

నా ఉద్యోగంలో ఏడాదికోసారైనా పాత సర్వర్లు ఆపేసి కొత్తవాటికి మారే పని పడుతుంది. మొదటి రోజు చేసేది జాబితా. ఏది మోయాలి, ఏది అక్కర్లేదు. మోసినవాటిని మాత్రం తర్వాత పదిసార్లు సరిచూస్తాం. జాబితాలో పడని దాన్ని ఎవరూ చెరిపెయ్యరు, పాత మెషీన్‌తో పాటు అదే పోతుంది. ఈజిప్టులో అబూ సింబెల్ గుడిని 1964, 68 మధ్య ముక్కలుగా కోసి పైకి మోసిన కథని ఇంజినీరింగ్ అద్భుతంగా చదువుకున్నాను. అదే డ్యామ్ కింద ఊళ్ళు పోయిన నూబియన్ల గురించి చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలీలేదు.

ఆనకట్ట వద్దనే హక్కు నాకు లేదు. మా ఇంట్లో ఉడికే అన్నం పెన్న నీళ్ళదే. ఈ కొండ మీద పని చేసినవాళ్ళని తప్పుపట్టే ధైర్యమూ లేదు. వాళ్ళు ఆరేళ్ళు నీళ్ళతో పందెం వేసి ఎంతో కాపాడారు. ఇక్ష్వాకుల కాలంలో పోయినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాళ్ళని ఛాయాస్తంభాలు అంటారు. రాజుకే కాదు, సైనికులకీ నిలిపారు. ఛాయ అంటే నీడ. అమ్మ ఊరికి ఆ మాత్రం నీడ కూడా ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళు దాటిన నేనైనా, ఏ రోజూ కూర్చుని మీ ఊళ్ళో ఏముండేది అని అడగలేదు.

తిరుగు లాంచీలో అడిగాను. నా బ్యాగులో ఉన్న నోటుబుక్కు, పెన్ను ఇచ్చాను. లాంచీ ఊగుతుంటే గీతలు వంకర్లు పోయాయి. పెద్ద వీధి, రామాలయం, చింతచెట్టు, వాళ్ళ ఇల్లు, పశువుల కొట్టం. బావి దగ్గర పెన్ను ఆగింది. గుడికి తూర్పునా, పడమరా?

రేవులో దిగగానే కడపలో ఉన్న పెద్దమ్మకి ఫోన్ చేసింది. పెద్దమ్మ పడమర అంది. అమ్మ కాదంది. పొద్దున్నే నీళ్ళు చేదుతుంటే కళ్ళల్లో ఎండ పడేది గుర్తులేదా అని అడిగింది. అది మన బావి కాదు, పెద్దిళ్ళోళ్ళ బావి అని అటునుంచి పెద్దమ్మ గట్టిగా అరుస్తోంది. నేను నోటుబుక్కులో రెండు బావులూ గీసి, రెండిటి పక్కనా ప్రశ్నార్థకం పెట్టాను. మాచర్ల చేరేదాకా ఆ ఫోన్ ఆగలేదు.