పదహారు మందిలో ఒక్కరే కనిపించారు

2019 సెప్టెంబరు 23న న్యూయార్క్‌లో పదహారు మంది పిల్లలు కలిసి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీకి ఫిర్యాదు చేశారు. భూమి వేడెక్కుతున్నా అర్జెంటీనా, బ్రెజిల్, ఫ్రాన్స్, జర్మనీ, టర్కీ చేయాల్సింది చేయడం లేదని వాళ్ల ఆరోపణ. అందులో స్వీడన్ పిల్ల గ్రెటా థన్‌బర్గ్ పేరు లోకమంతా తెలుసు. అదే ఫిర్యాదులో ఉన్న హరిద్వార్ పిల్ల రిధిమా పాండే పేరు మన ఇళ్లలో ఎందరు విన్నారు? 2013 ఉత్తరాఖండ్ వరదలు ఆ పిల్లను కదిలించాయి. 2017లో, తొమ్మిదేళ్ల వయసులో, కేంద్ర ప్రభుత్వం మీద జాతీయ హరిత ట్రైబ్యునల్‌కెక్కింది. 2019లో ఆ పిటిషన్‌ను కొట్టేశారు.

పేరొచ్చిన గ్రెటాకైనా సుఖం లేదు. ట్రంప్ ట్విటర్‌లో వెటకారం చేశాడు. ఈ పిల్లకు పత్రికలు ఇంత చోటివ్వడమేమిటని అప్పటి బ్రెజిల్ అధ్యక్షుడు బోల్సొనారో విసుక్కున్నాడు.

సూరత్ శివార్లలో, మేముండే ఉన్‌లో, సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే మావాళ్లూ చాయ్ తాగుతూ గ్రెటా గురించి ఓ మాటన్నారు: "ఎనక ఎవరో ఉండి ఆడిపిస్తున్నరు." పదో తరగతి చదివే మా అక్క బిడ్డ ఓ సాయంత్రం ఖాడీ (వాగు) నీళ్ల సంగతి ఎత్తింది. పొద్దున ఎర్రగా, మధ్యాహ్నానికి నల్లగా పారుతున్నాయని, బడి కిటికీలు మూసుకుని కూర్చుంటున్నామని చెప్పింది. వెంటనే పెద్దాయన ఒకరు, "ఈ మాటలు నీకెవరు నేర్పిన్రు బిడ్డా? మంచిగ సదువుకో" అన్నారు. "వాసనకు ఒకరు నేర్పాల్నా తాతా?" అంది. ఆయన మాట మార్చారు. నాకు ఒళ్లు మండింది. స్వీడన్ పిల్లనూ మా పిల్లనూ ఒకే ప్రశ్నతో నోరు మూయించాలని చూస్తారు. చెప్పింది నిజమా కాదా అని మాత్రం అడగరు.

ఉన్ దాటితే సచిన్ పారిశ్రామికవాడ. 2022 జనవరి 6 తెల్లవారుజామున ట్యాంకర్ నుంచి కాలువలోకి రసాయన వ్యర్థాలు వదులుతుంటే విషవాయువు లేచి ఆరుగురు కార్మికులు చనిపోయారు. అప్పుడు కెమెరాలన్నీ వచ్చాయి. పొట్టకూటికి ఊరు దాటి వచ్చినవాళ్ల వాడలకు చావు జరిగితే తప్ప ఎవరూ రారు. ఆ కాలువ పక్కన ముక్కు మూసుకుని బడికెళ్లే పిల్లలు అంతకుముందు నోరు విప్పినా ఎవరు రాసుకునేవారు?

సూరత్ తెలుగువాళ్ల బతుకమ్మ ఫొటోలు మన పత్రికలు ప్రేమగా వేస్తాయి. ఈసారి బతుకమ్మకు వచ్చే విలేకరులు ఖాడీ గట్టుకూ రావాలి. మాట్లాడడానికి మా అక్క బిడ్డ క్లాసులో ఇంకా చాలామంది ఉన్నారు. బాగా మాట్లాడే ఒక్కరిని ఏరుకుని ఫొటో తీసుకుని పోకుండా అందరి మాటా రాసుకోండి.